ఇరవై గజాల్లో అయిదేళ్లు

నల్లగొండలో మా కాలనీ వెనుక ఉన్న ఉమ్మడి కూరగాయల తోటలో మడి తీసుకుని ఈ మృగశిరకు అయిదేళ్లు నిండాయి. తీసుకోవచ్చా, గిట్టుబాటు అవుతుందా అని నా దగ్గరకు కుట్టుపనికి వచ్చేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. జాకెట్టు కొలతలు తీసుకుంటూ చెప్పే జవాబు కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు లెక్కలు. మొత్తం స్థలం 12 గుంటలు. అందులో 46 మడులు, ఒక్కొక్కటి 20 గజాలు. మిగతాది బాటలు, మూడు ఎరువు గుంతలు, ఒక రేకుల గది, 5000 లీటర్ల ట్యాంకు. ఏడాదికి 1200 రూపాయలు కట్టాలి. చేరేటప్పుడు 500 డిపాజిట్, మానుకుంటే తిరిగి ఇస్తారు. పారలు, గడ్డపారలు, తట్టలు తోటవే. ఖుర్పీ మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి, ఎందుకంటే మొదటి ఏడాది కొన్న పన్నెండు ఖుర్పీల్లో ఆరు నెలలకు మిగిలినవి రెండు.

నేను రైతు ఇంటి ఆడపిల్లను. మునుగోడు వైపు మా నాన్నకు బత్తాయి తోట ఉండేది. బోరు మీద బోరు వేసి, చివరికి చెట్లు ఎండిపోతే కొట్టించి కట్టెలకు అమ్మారు. అటువంటి ఇంట్లో పెరిగినదాన్ని, ఇరవై గజాల ముక్కకు నాకొకరు పాఠం చెప్పాలా అనుకుంటూనే వచ్చాను. ఆ పొగరును మొదట దించింది ఇక్కడి నేల. పచ్చి ఎర్ర చెలక. నీళ్లు ఎన్ని పోసినా దిగిపోతాయి, రెండు రోజులు పోయకపోతే పైన పెంకు కడుతుంది. మెంతులు చల్లితే మొలకలు ఆ పెంకును చీల్చుకుని రాలేక కింద పసుపు పచ్చగా వంకర తిరిగి చచ్చాయి. వేలితో పెచ్చు లేపి చూస్తే తెలిసింది. రెండో ఏడాది కమిటీ వారు ట్రాక్టరుతో చెరువు పూడిక మట్టి తోలించి మడికి నలభై తట్టల చొప్పున పంచారు. దాన్ని, మాగిన పశువుల ఎరువును కలిపి తిరగేశాకే పాలకూర ఆకు అరచేతి వెడల్పు అయింది. కాబట్టి కొత్తగా మడి దొరికినవారు విత్తనాల పొట్లాలకు కాకుండా మొదటి డబ్బు మట్టికి పెట్టండి.

ఈ తోటలో నాకు అన్నిటికంటే నచ్చింది నీళ్ల పుస్తకం. నవ్వకండి. కాలువ వంతు కోసం అన్నదమ్ములు పారలు ఎత్తుకున్న ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. ఇక్కడ పొద్దున 5:30కు మోటారు వేస్తారు. మూడు పైపులు, ఒక్కొక్కరికి 20 నిమిషాలు, రోజు విడిచి రోజు సగం మడులకు. నా వంతు 6:10. వచ్చినవారు పుస్తకంలో సంతకం పెట్టి పైపు అందుకోవాలి. మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలన్నది కూడా రాసి పెట్టారు: పోయిన వంతు సాయంత్రానికి మారుతుంది, వెనుక ఉన్నవారి వంతు జరగదు. ఈ ఒక్క వాక్యం లేకపోతే మొదటి ఎండాకాలంలోనే తోట రెండు ముక్కలయ్యేది. పుస్తకం చూసేది రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన చేతి గడియారం మాత్రం రెండు నిమిషాలు ముందుంటుంది, ఆ రెండు నిమిషాలు ఎవరికి మిగులుతాయో అయిదేళ్లుగా అడుగుతున్నాను.

ఆ నీళ్లు బోరువి. ట్యాంకు మీద 'తాగరాదు' అని పెద్ద అక్షరాలతో రాశారు. నల్లగొండలో ఎందుకని ఎవరూ అడగరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి మన ఊరి పేరే పెట్టారు. పేరు రావడానికి ఇంకేదైనా కారణం ఉంటే బాగుండేది. తాగడానికి సర్కారు పైపుల్లో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లు ఒక కుండలో పోసి పెడతారు, ఎండాకాలం ఎనిమిది గంటలకల్లా కుండ ఖాళీ.

నాకు కోపం తెప్పించిన నియమాలూ ఉన్నాయి. మూడో ఏడాది వానాకాలం బెండ సంగతి చెబుతాను. రెండు సాళ్లు వేశాను, నలభై అయిదో రోజుకు కాపు మొదలైంది, రోజు విడిచి రోజు కిలోకు తగ్గకుండా వచ్చేది. ఒక పొద్దున చూస్తే నాలుగు మొక్కల చివరి ఆకుల్లో ఈనెలు పసుపు దారాలు కుట్టినట్టు కనబడ్డాయి. కుట్టుపని చేసేదాన్ని కదా, నాకు అలాగే తోచింది. పక్క మడి అన్న, రిటైరైన లైన్‌మన్, వంగి ఆకు తిరగేశాడు. అడుగున తెల్లదోమ పొడి చల్లినట్టు లేచింది.

"పల్లాకు తెగులు చెల్లెమ్మా. పీకాల్సిందే."

"కాయలు కాస్తున్న మొక్కను పీకమంటావా అన్నా? నాలుగు రోజులు ఆగుతాను."

"నువ్వు నాలుగు రోజులు ఆగితే ఈ దోమ ఆగుతుందా?"

తెగులు సోకిన మొక్కను రెండు రోజుల్లో పీకి తోట బయట కాల్చాలన్నది నియమం. ఇది వైరస్, మందు లేదు, దోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్కకు అంటిస్తుంది. ఇదంతా నాకు తెలియనిది కాదు. అయినా ఆ నాలుగింటినీ వదిలేసి ఇంటికి వచ్చాను. మూడో రోజుకు పదకొండు మొక్కలయ్యాయి, అన్న మడిలో మూడు. ఆయన ఒక్క మాట అనలేదు. తన మూడింటినీ పీకి బాట మీద పెట్టి, కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాడు. నేను పదకొండూ పీకాను. ఒక్కొక్క దానికి వేలెడంత కాయలు ఇంకా వేలాడుతున్నాయి. మరుసటి ఏడాది నుంచి తోట మొత్తానికి ఈ తెగులును తట్టుకునే అర్క అనామిక విత్తనం ఒకేసారి తెప్పిస్తున్నారు. పసుపు జిగురు అట్టలు మడికి రెండు. శనివారం డ్రమ్ములో వేప గింజల కషాయం కలిపి మడికి రెండు లీటర్లు పంచుతారు, తెచ్చుకోకపోతే పేరు పుస్తకంలో ఎక్కుతుంది.

రెండోది ఎర్రగుడ్డ నియమం. పది రోజులు కలుపు తీయకుండా వదిలేస్తే మడి మూల వెదురు పుల్లకు ఎర్రగుడ్డ కడతారు. ఇంకో పది రోజులు చూసి, అప్పటికీ మనిషి రాకపోతే మడిని వేచి ఉన్నవారి జాబితాలో ముందున్న పేరుకు ఇచ్చేస్తారు. మా అమ్మాయి పురుడుకు హైదరాబాద్ వెళ్తూ చెప్పడం మరిచాను. పద్దెనిమిదో రోజున అన్న ఫోను చేస్తే పరుగెత్తుకొచ్చాను. గరిక, తుంగ, వయ్యారిభామ మోకాలెత్తు, నడుమ ఎర్రగుడ్డ. ఆ క్షణాన డిపాజిట్టు వాళ్ల మొహాన కొట్టి వెళ్లిపోదామనిపించింది. చిక్కుడు కాయలు మాత్రం ఎవరో కోసి, నియమం ప్రకారం పక్కనున్న అంగన్‌వాడీకి ఇచ్చి, ఎన్ని కిలోలో పుస్తకంలో రాశారు. నా పేరు పక్కన 'మూడున్నర' అని చూశాక డిపాజిట్టు సంగతి ఎత్తలేదు. ఊరు వెళ్లేవారు ముందే చెబితే బదులు మనిషిని చూసి పెడతారు, ఎర్రగుడ్డ పడదు. చెప్పండి.

లోపాలు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి నాలుగో ఏడాదికి గానీ కట్టలేదు. ఏడుగురి కమిటీలో ఒక్క ఆడమనిషి ఉంటే అంతే అవుతుంది. కోతులకు ఇప్పటికీ జవాబు లేదు. తీగ కంచె వాటికి నిచ్చెన. టమాటా మీద వల కప్పితే వల ఎత్తి మరీ పండినవి ఏరుకుంటాయి, పచ్చివి కొరికి మన ముందే పారేస్తాయి. ఎరువు గుంతలో వండిన అన్నం వేయొద్దని అయిదేళ్లుగా చెబుతున్నా ఎవరో వేస్తారు, ఎలుకలు వస్తాయి.

గిట్టుబాటు అంటారా? జూలై నుంచి ఫిబ్రవరి దాకా మా ముగ్గురికి ఆకుకూర కొనలేదు. తోటకూర, చుక్కకూర, పుంటికూర, ఎవరైనా గోంగూర అంటే గోంగూర. చిక్కుడు సంక్రాంతికి విరగకాస్తుంది. ఆనపకాయలు పంచలేక చస్తాం. అయితే ఏప్రిల్, మే నెలల్లో బజారులో ధర మండిపోయినప్పుడు ఇక్కడా ఏమీ ఉండదు. 44 డిగ్రీల ఎండకు నీడవల కింద కూడా టమాటా పూత రాలిపోతుంది. కూరగాయల ఖర్చు తగ్గించుకోవడానికే వచ్చేవారు ఆ రెండు నెలలకు తిట్టుకుంటారు.

కంచె పొడవునా ఉమ్మడి బంతి సాలు ఉంటుంది. టమాటాకు పట్టే కాయతొలుచు పురుగు ముందు బంతి మీద గుడ్లు పెడుతుందని వేశారు. పూలు ఎవరూ కోయకూడదు, ఏడాదికి తొమ్మిది రోజులు తప్ప. ఎంగిలిపూల బతుకమ్మ నాటి పొద్దున అయిదింటికే గేటు తీస్తారు, మడికి ఒక గంప. మాస్టారు ఆ రోజు కూడా గడియారం చూస్తూనే నిలబడతారు.

జాబితాలో ఇప్పుడు 19 పేర్లున్నాయి. ఏడాదికి నాలుగైదు మడులకు మించి ఖాళీ కావు. వేసవిలో మడి చేతికొస్తే విత్తనం జోలికి పోకుండా పూడిక మట్టి, ఎరువు కలిపి వదిలేయండి. రోహిణిలో ఒకసారి తిరగేసి, మృగశిర చినుకు పడ్డాక పుంటికూరతో మొదలుపెట్టండి. పేరు రాయించడానికి ఆదివారం పొద్దున రావాలి, ఎనిమిది దాటితే పుస్తకం మూసేస్తారు. మాస్టారి గడియారం ప్రకారం ఎనిమిది.