పేగులో పేగు దూరితే ఏది మేలు: ఎనిమానా, ఆపరేషనా?

బెంగళూరులో మారతహళ్లి వైపు తెలుగువాళ్ల ఇళ్లలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ముందు గుర్తొచ్చేది బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు, ఆ తర్వాత దిష్టి. గ్యాస్ నొప్పయితే కాసేపటికి తగ్గుతుంది. కానీ ఏడుపు తీరు గమనించండి. బిడ్డ కాళ్లు కడుపులోకి ముడుచుకుని ఒక్కసారిగా ఏడ్చి, ఏమీ లేనట్టు ఊరుకుని, పదిహేను ఇరవై నిమిషాలకు మళ్లీ అలాగే ఏడుస్తుంటే, మధ్యలో వాంతులవుతుంటే, పేగులో పేగు దూరిందేమో అనుకోవాలి. 3 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. ఎర్రటి జిగట విరేచనం కనిపించేదాకా ఆగకండి. అది చాలాసార్లు ఆలస్యంగానే వస్తుంది. కొందరు బిడ్డలు ఏడవరు కూడా, వాలిపోయి మగతగా ఉంటారు.

అల్ట్రాసౌండ్‌లో తేలాక రెండు దారులు. బిడ్డ నిలకడగా ఉంటే నా ఓటు ఎనిమాకే. మలద్వారం నుంచి గాలి గానీ సెలైన్ గానీ ఎక్కిస్తూ, ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో చూస్తూ, దూరిన పేగును వెనక్కి నెడతారు. కోత లేదు, కుట్లు లేవు. పదిమందిలో సుమారు ఎనిమిది మందికి దీంతోనే సరిపోతుంది. పదిమందిలో ఒకరికి మాత్రం మళ్లీ రావచ్చు, అందుకే కొంతసేపు ఆస్పత్రిలోనే ఉంచుకుని చూస్తారు. అరుదుగా పేగుకు చిల్లు పడొచ్చు. కాబట్టి పిల్లల సర్జన్ సిద్ధంగా ఉన్నచోటే చేయించాలి.

అప్పటికే చిల్లు పడినా, కడుపు గట్టిపడినా, బిడ్డ షాక్‌లో (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయిన స్థితిలో) ఉన్నా ఎనిమా ఊసే వద్దు, నేరుగా ఆపరేషనే. ఎనిమా ఫలించకపోయినా అంతే. సర్జన్ చేత్తో పేగును విడదీస్తారు, నల్లబడిన ముక్క ఉంటే తీసేసి అతుకుతారు. ఎంత ఆలస్యమైతే అంతగా ఈ దారే మిగులుతుంది.

నెల లోపు బిడ్డకు ఆకుపచ్చ వాంతి అయితే అసలు బేరీజు వేసుకునే టైమే లేదు. పేగు మెలిపడి ఉండొచ్చు, గంటల్లో రక్తం అందక చచ్చుబడుతుంది.

వీధి చివరి క్లినిక్ మేలా, పెద్దాస్పత్రి మేలా అంటే, ఈ లక్షణాలకు పిల్లల సర్జన్, అల్ట్రాసౌండ్ రెండూ ఉన్నచోటే. నిమ్హాన్స్ దగ్గరి ఇందిరా గాంధీ పిల్లల ఆస్పత్రి లాంటిది. దారిలో పాలు పట్టకండి. చివరిసారి ఎప్పుడు తాగిందో చెప్పండి, పాడైన డైపర్ పారేయకుండా వెంట తీసుకెళ్లండి.