కట్టిన ఫీజు వెనక్కి రావాలంటే: యూజీసీకి రాయడం మేలా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం మేలా?

మేనేజ్‌మెంట్ కోటాలో మే నెలలోనే సీటు ఖాయం చేసుకుని రెండు లక్షలు కట్టేస్తారు. తర్వాత ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో అంతకన్నా మంచి సీటు వస్తుంది. మొదటి కాలేజీకి వెళ్లి డబ్బు అడిగితే, "నో రిఫండ్ అని సంతకం పెట్టారుగా" అంటూ ఆ కాగితం చూపిస్తారు. చాలామంది అక్కడే ఆశ వదిలేసుకుంటారు. కొందరు కోపంగా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తామంటారు. నా దృష్టిలో ఈ రెండూ తొందరపాటే.

ముందు యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) దారి చూద్దాం. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎంత డబ్బు వెనక్కి వస్తుందన్నది ఒక్క తేదీని బట్టి తేలుతుంది. అది కాలేజీ ప్రకటించిన అడ్మిషన్ల చివరి తేదీ. ఉదాహరణకు ఆ తేదీ ఆగస్టు 31, కట్టిన ఫీజు రెండు లక్షలు అనుకోండి. ఆగస్టు 10న సీటు వదులుకుంటే మొత్తం ఫీజు రావాలి. ప్రాసెసింగ్ ఖర్చు కింద ఫీజులో 5 శాతం దాకా పట్టుకోవచ్చు కానీ అది 5,000 రూపాయలు మించకూడదు. కాబట్టి కనీసం 1,95,000 చేతికి రావాలి. ఆగస్టు 20న వదులుకుంటే 90 శాతం, సెప్టెంబరు 10న అయితే 80 శాతం, సెప్టెంబరు 25న అయితే సగం వస్తుంది. చివరి తేదీ దాటి 30 రోజులు గడిచాక ఫీజులో పైసా రాదు. కాషన్ డిపాజిట్ ఈ లెక్కలో కలవదు, దాన్ని విడిగా అడగాలి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు చెల్లించాలన్నది కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే హక్కు కాలేజీకి లేదు.

దీనికి తోడు కొన్నేళ్లుగా యూజీసీ ఏటా విడిగా వెసులుబాటు ఇస్తోంది. 2024-25లో సెప్టెంబరు 30 లోపు వదులుకుంటే పూర్తి ఫీజు, అక్టోబరు 31 లోపు అయితే గరిష్ఠంగా 1,000 రూపాయలు మినహాయించి మిగతాది ఇవ్వాలంది. మీ సంవత్సరానికి ఏం చెప్పారో చూసుకోకుండా కాలేజీతో బేరానికి దిగొద్దు.

ఈ దారికి ఖర్చు లేదు. యూజీసీ వాళ్ల ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 2023 నిబంధనల ప్రకారం కాలేజీలోనే విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఆపైన అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. లోపం కూడా చెప్పాలి. యూజీసీ స్వయంగా డబ్బు వసూలు చేసిపెట్టదు, మన ఫిర్యాదును యూనివర్సిటీకి పంపిస్తుంది. కాలేజీ మొండికేస్తే పని నెలల తరబడి సాగుతుంది. అయినా గుర్తింపు మీదకు వస్తుందన్న టెన్షన్ వాళ్లకూ ఉంటుంది కాబట్టి చాలాసార్లు దిగివస్తారు.

ఇంజినీరింగ్, ఎంబీఏ కాలేజీలైతే వాటికి అనుమతులిచ్చే ఏఐసీటీఈ నియమాలు కూడా చూడాలి. చివరి తేదీ లోపు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించి కోయకూడదు. ఆ తర్వాత మాత్రం మీ సీటు ఇంకొకరితో నిండిందా లేదా అన్నది లెక్కలోకి వస్తుంది. కాలేజీ "మీ వల్ల సీటు ఖాళీగా పోయింది" అంటే, ఏ తేదీ తర్వాత ఖాళీ అయిందో అడగండి.

ఇక వినియోగదారుల కమిషన్. చూడ్డానికి ఇదే గట్టి ఆయుధంలా ఉంటుంది. మన ఊరి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. అయితే అసలు చిక్కు చట్టంలోనే ఉంది. విద్య అమ్మే సరుకు కాదని, కాలేజీలు చట్టం చెప్పే 'సేవ' ఇవ్వడం లేదని 2012లో పి.టి. కోశీ కేసులో సుప్రీంకోర్టు అంది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా మను సోలంకి కేసులో విద్యాసంస్థలు ఈ చట్టం పరిధిలోకి రావని తేల్చింది. దానిపై అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. అంటే ఏళ్లు గడిచాక, రిఫండ్ న్యాయమా కాదా అన్న ప్రశ్న దాకా పోకుండానే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.

అదే కోచింగ్ సెంటర్ అయితే లెక్క తిరగబడుతుంది. మను సోలంకి తీర్పే కోచింగ్ సంస్థలను విద్యాసంస్థలుగా చూడక్కర్లేదంది. నీట్, జేఈఈ కోచింగ్ మధ్యలో మానేసినవాళ్లు కమిషన్‌కే వెళ్లాలి. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఒకసారి ఫోన్ చేయాలి, కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి. మిగిలిన కాలానికి దామాషాగా ఫీజు, హాస్టల్ డబ్బు 10 రోజుల్లో ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

కాబట్టి కాలేజీ ఫీజుకు నేను యూజీసీ, ఏఐసీటీఈ దారికే ఓటేస్తాను. అదీ సీటు వదులుకున్న తేదీకి కాగితం సాక్ష్యం ఉంటేనే. ఆఫీసులో క్లర్కుతో "మా అబ్బాయి రావట్లేదండీ" అని ఫోన్‌లో చెబితే అది రద్దు కిందకు రాదు. ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పంపి, అదే రోజు స్పీడ్ పోస్టులో ఉత్తరం కూడా వేయాలి. ఫీజు రసీదు, చివరి తేదీ ఉన్న నోటీసు స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోవాలి. పదిహేను రోజులు చూసి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు, ఆపైన హైకోర్టు. కానీ పాతికవేల కోసం హైకోర్టుకు వెళ్తే ఖర్చే ఎక్కువవుతుంది.

కన్వీనర్ కోటా సీటుకు దారి వేరు. కౌన్సెలింగ్ షెడ్యూల్‌లో ఇచ్చిన గడువు లోపు ఆ వెబ్‌సైట్‌లోనే రద్దు చేసుకోవాలి. ఇంటర్ కాలేజీల ఫీజు తగాదాలకు యూజీసీ నియమాలు వర్తించవు, అక్కడికి ఈ నోటిఫికేషన్ పట్టుకెళ్లి లాభం లేదు.