గ్యారేజీ ఇనుప తలుపు: ఎనామెలా, అక్రిలికా?

గ్యారేజీ తలుపుకు మళ్లీ రంగు వేయించేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: నూనె ఎనామెల్ మేలా, నీటితో కలిసే అక్రిలిక్ మేలా? మెరుపు, వాసన, ఆరే సమయం తర్వాతి సంగతి. ముందు రేకు మీద జింకు పూత ఉందో లేదో చూడండి. నా దృష్టిలో తేల్చేది అదే.

పాత రంగు లేచిన చోట రేకు బూడిద రంగులో ఉండి, దాని మీద స్ఫటికాల మచ్చలు కనిపిస్తే అది జింకు పూత. కొన్ని రేకులకు ఆ మచ్చలు ఉండవు, అలాంటప్పుడు తలుపు అమ్మినవాళ్లను అడగాలి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, పూత ఉన్నా లేకున్నా అతుక్కుంటుంది. అసలు అతుక్కోకపోతే అల్యూమినియం అనుకోవచ్చు.

జింకు మీద నేరుగా వేసిన ఎనామెల్ మొదట్లో అద్దంలా మెరుస్తుంది. కానీ అందులోని నూనె ఆమ్లాలు తేమ తగిలే కొద్దీ జింకుతో కలిసి, పూత అడుగున సబ్బు లాంటి పొరను తయారుచేస్తాయి. పట్టు వదిలిపోతుంది. కొన్నాళ్లకు గోరు పెట్టి లాగితే రంగు పెచ్చులుగా ఊడివస్తుంది, కింద రేకు మాత్రం నున్నగా ఉంటుంది. మంచి కంపెనీ పెయింటు కొన్నా ఇదే జరుగుతుంది. అక్రిలిక్‌తో ఈ బాధ లేదు. పైగా ఎండకు రేకు సాగినా, ముడుచుకున్నా దానితోపాటే సర్దుకుంటుంది. ఎనామెల్‌లా ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కదు, తెలుపు పసుపు తిరగదు. అందుకే నా ఓటు దానికే.

దానికీ లోపాలున్నాయి. తుప్పు గీకిన ఉత్త ఇనుము మీద నేరుగా వేస్తే అందులోని నీటికే మళ్లీ తుప్పు లేస్తుంది. ముందు తుప్పును ఆపే ప్రైమరు తప్పనిసరి. పైకి ఆరినట్టున్నా పూత గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఆలోపు తలుపు మూసి ఉంచితే అంచున రబ్బరు పట్టీ అంటుకుని, తెరిచినప్పుడు రంగును లాగేస్తుంది.

పూత లేని ఇనుప తలుపైతే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దాని మీద ఎనామెల్ వేయండి, నాకు అభ్యంతరం లేదు. కుంచె గీతలు కలిసిపోయి నున్నగా వస్తుంది, గీతలు తట్టుకుంటుంది.

రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురిథేన్ గట్టిదే, కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, అనుభవజ్ఞులకు వదిలేయండి. స్ప్రే డబ్బాలు చిన్న మచ్చలకు చాలు.

ఏది వేసినా ముందు తలుపును అరచేత్తో రుద్ది చూడండి. చేతికి సుద్ద అంటితే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, రేకు కాలని వేళ పల్చగా రెండు పూతలు వేయండి.