స్వీట్ వెర్మూత్: సోడాతో విడిగానా, కాక్‌టెయిల్‌లోనా? ఏది మేలు?

సంక్రాంతికి దుబాయ్ నుంచీ మస్కట్ నుంచీ వచ్చే మనవాళ్ల పెట్టెల్లో ఎప్పుడూ స్కాచే ఉంటుంది. ఈమధ్య కొందరు డ్యూటీ ఫ్రీలో ఒక స్వీట్ వెర్మూత్ సీసా కూడా పట్టుకొస్తున్నారు, కానీ దాన్ని ఎలా తాగాలో తెలియక అది అల్మారాలోనే ఉండిపోతోంది. అమలాపురంలోనో పాలకొల్లులోనో వైన్ షాపుకు వెళ్లి అడిగితే ఇచ్చే సరుకు కాదిది. అలాంటప్పుడు చేతికొచ్చిన ఒక్క సీసాని దేనికి వాడుకోవాలన్నది ఆలోచించాల్సిన విషయమే. నా మాట ముందే చెప్పేస్తాను: మన డెల్టా ఉక్కపోతకీ మన తిండికీ ఐసు, సోడాతో విడిగా తాగడమే మేలు. కాక్‌టెయిల్స్‌లో, అంటే వేరే మందులతో కలిపి చేసే డ్రింకుల్లో, ఒకదానికి మాత్రం ఈ సీసాలోంచి కొంత తీసిపెట్టొచ్చు, దాని సంగతి తర్వాత.

వెర్మూత్ అంటే వైనే. అందులో కొంత స్పిరిట్ కలిపి, ఆకులు, వేళ్లు, బెరళ్లు, మసాలా దినుసుల సారం పట్టిస్తారు. మామూలుగా దొరికేవి 15 నుంచి 18 శాతం ఆల్కహాల్ దగ్గర ఉంటాయి. యూరప్ నిబంధనల ప్రకారం కనీసం 75 శాతం వైన్ ఉండాలి, ఆర్టెమీసియా జాతి మొక్క పడి తీరాలి. వినాయక చవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రి కూడా ఆ జాతిదే. ఆ ఆకు నలిపి వాసన చూసినవాళ్లకి వెర్మూత్ మొదటి గుక్కలోనే ఎక్కడో తెలిసిన చేదు తగులుతుంది. దాని వెనకాలే దాల్చినచెక్క, లవంగం, నారింజ తొక్క, కొన్నిటిలో వెనిల్లా. చూడ్డానికి ఎర్రగా ఉన్నా చాలా సీసాల్లో లోపల ఉన్నది తెల్ల వైనే, ఆ రంగు మాడ్చిన చక్కెర ఇచ్చింది.

ఇటలీలోని తురిన్‌లో 1786లో ఆంటోనియో బెనెదెత్తో కార్పానో దీన్ని అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. అక్కడ ఇది భోజనానికి ముందు ఆకలి పుట్టడానికి తాగే గ్లాసు. విస్కీలో కలిపి మాన్‌హట్టన్ అనే కాక్‌టెయిల్ చేయడం అమెరికాలో దాదాపు వందేళ్ల తర్వాత మొదలైంది. అంటే విడిగా తాగి బాగుండేలాగే దీన్ని తయారు చేశారు, కాక్‌టెయిల్ కోసం పుట్టిన సరుకు కాదు. స్పెయిన్‌లో బార్సిలోనా, రెయూస్ వైపు ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు వెర్మూత్ తాగడం ఒక అలవాటు. గ్లాసులో ఐసు, ఒక నారింజ ముక్క, ఒక ఆలివ్, పైన కొంచెం సోడా, పక్కన ఉప్పు చేపలు. ఆ ఉప్పు చేపల దగ్గరే నాకు మన ఊరు గుర్తొస్తుంది.

విడిగా తాగే పద్ధతి ఇది. పెద్ద గ్లాసు నిండా ఐసు, 60 మిల్లీలీటర్ల వెర్మూత్, అంతే సోడా, మధ్యాహ్నం ఎండగా ఉంటే ఇంకొంచెం. గోళీ సోడా దొరికితే అదే వాడండి, దాని గ్యాస్ ఘాటుకి వెర్మూత్ తీపి తేలికపడుతుంది, కాకపోతే నిమ్మ, తీపి కలిపినవి వద్దు, ఉత్త సోడా కావాలి. కమలాపండు తొక్క చిన్న ముక్క గ్లాసు మీద నొక్కి నూనె చిమ్మేలా చేసి లోపల పడేయండి. బత్తాయి తొక్కకి అంత వాసన రాదు. ఐసు మాత్రం కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే పెట్టుకోండి. చేపలకీ రొయ్యలకీ వేసే ఐసు ఫ్యాక్టరీ గడ్డ చవగ్గా పక్కనే దొరుకుతుంది కానీ అది తాగే నీళ్లతో చేసింది కాదు, దాన్ని గ్లాసులో వేయకూడదు.

దీని పక్కన రొయ్యల వేపుడు, చందువా వేపుడు, నేతిలో వేయించి ఉప్పు, మిరియాలు చల్లిన మోరి జీడిపప్పు పెట్టి చూడండి. ఉప్పూ కారం నాలుక మీద ఉండగా ఆ చేదు తీపి గుక్క పడితే ఇంకో ముక్క తినాలనిపిస్తుంది. చేపల పులుసుతో మాత్రం కుదరదు. చింతపండు పులుపు, వెర్మూత్ చక్కెర ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. పులస లాంటిది వండిన రోజైతే గ్లాసు ముందే ముగించేసి విస్తరి ముందు కూర్చోవడం మంచిది. పూతరేకులు, కాజాలతో కూడా వద్దు, తీపి మీద తీపి అయిపోతుంది.

అన్ని సీసాలకీ సోడా ఒకేలా నప్పదు. మార్తినీ రోస్సో, చిన్జానో లాంటివి సోడాతో చక్కగా విచ్చుకుంటాయి. కార్పానో ఆంటికా ఫార్ములా వెనిల్లా వాసనతో చిక్కగా ఉంటుంది, దానికి రెండు ఐసు ముక్కలు చాలు, సోడా పోస్తే ఆ చిక్కదనం పోతుంది. చేదు ఇష్టపడేవాళ్లకి పుంట్ ఎ మేస్ ఉంది. కాకరకాయ వేపుడు ఇష్టంగా తినే మనిషికి నేనైతే అదే ఇస్తాను.

ఇక కాక్‌టెయిల్స్. మాన్‌హట్టన్ అంటే 60 మిల్లీలీటర్ల విస్కీ, 30 వెర్మూత్, రెండు చుక్కల ఆంగోస్తురా బిట్టర్స్ (చుక్కల లెక్కన వాడే ఘాటైన చేదు సారం), ఐసులో అరనిమిషం తిప్పి వడకట్టాలి, షేక్ చేయొద్దు. అసలు లెక్కకి అమెరికా విస్కీలైన రై గానీ బోర్బన్ గానీ ఉండాలి, స్కాచ్‌తో చేస్తే దాన్ని రాబ్ రాయ్ అంటారు. ఇది బాగా కుదిరితే వెర్మూత్‌లో విడిగా తాగినప్పుడు కనిపించని లవంగం, ఎండుపళ్ల రుచి పైకొస్తుంది, సీసాలోంచి కొంత తీసిపెట్టమన్నది దీనికోసమే. మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్‌తో చేసిన చవక విస్కీతో చేస్తే మాత్రం ఆ మంట తప్ప ఏమీ తెలియదు, మంచి వెర్మూత్ దండగ. మనవైపు బ్రాందీ తాగేవాళ్లు ఎక్కువ కదా, వాళ్లు మంచి ద్రాక్ష బ్రాందీ ఉంటే విస్కీ బదులు అది పోసుకోవచ్చు. దానికి మెట్రోపాలిటన్ అని పేరు కూడా ఉంది, మాన్‌హట్టన్ కన్నా మెత్తగా ఉంటుంది.

నెగ్రోనీని చాలామంది ఆకాశానికెత్తుతారు. జిన్, కంపారీ (ఇటలీవాళ్ల ఎర్రటి చేదు మందు), వెర్మూత్ సమానంగా 30 చొప్పున. 1919లో ఫ్లోరెన్స్‌లో కమిల్లో నెగ్రోనీ అనే కౌంట్ తను తాగే అమెరికానోలో (కంపారీ, వెర్మూత్, సోడా కలిపిన డ్రింకు) సోడా తీసేసి జిన్ పోయమన్నాడని కథ. మంచి డ్రింకే, కాదనను. కానీ కంపారీ చేదు అంత గట్టిగా ముందుకొస్తే వెర్మూత్ రుచి వెతుక్కోవాలి. కంపారీ ఇంట్లో ఉంటే ఆ కౌంట్ వదిలేసిన అమెరికానోనే చేసుకోండి: కంపారీ 30, వెర్మూత్ 30, పైన సోడా. మన ఎండలకి అది నెగ్రోనీ కన్నా చాలా నయం.

మత్తు లెక్క కూడా చూడాలి. 15 శాతం వెర్మూత్ 60 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ 9 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీతో చేసిన మాన్‌హట్టన్‌లో దాదాపు 30. పండక్కి వచ్చిన బావలు, అన్నయ్యలతో మధ్యాహ్నమంతా కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవాలంటే ఏది నిలబడనిస్తుందో తెలుస్తూనే ఉంది. రెండిట్లో ఏది తాగినా కాలవగట్టు రోడ్డు మీద బండి తీయొద్దు. విడిగా తాగడంలో ఒక చెడు ఉంది, అది దాచను: చక్కెర. స్వీట్ వెర్మూత్‌లో లీటరుకి కనీసం 130 గ్రాములు ఉంటుంది, అంటే 60 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు రెండు చెంచాలు. షుగర్ ఉన్న బాబాయ్‌కి రెండో గ్లాసు పోయకండి, ఆయన అడిగినా సరే.

నా తీర్పుకి పెద్ద కారణం మాత్రం సీసా ఆయుష్షు. మూత తీశాక ఇది విస్కీలా ఏళ్ల తరబడి ఉండదు. గాలి తగిలిన దగ్గర్నుంచి, పొద్దున దింపిన కల్లు లాగే, రుచి మారడం మొదలుపెడుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఫ్రిజ్‌లో పెడితే నెలా, నెలన్నర బాగుంటుంది. మే నెలలో బయట అల్మారాలో పెడితే చాలా త్వరగా చప్పబడిపోతుంది. లీటరు సీసాలో మాన్‌హట్టన్‌లు ముప్పై పైన వస్తాయి, ఒక ఇంట్లో అన్ని ఎప్పటికి అవుతాయి? సగం సీసా ఫ్రిజ్‌లో ముసలిదైపోతుంది. అదే సోడాతో అయితే పదహారు గ్లాసులు, పండగ మూడు రోజుల్లో ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు తాజాగా ఉండగానే ఖాళీ అవుతుంది.

ఈసారి వచ్చేవాళ్లతో ముందే ఫోన్లో మాట్లాడుకోండి. మనిషికి 2 లీటర్ల మందే డ్యూటీ లేకుండా తెచ్చుకోనిస్తారు కాబట్టి, “బావా, రెండూ స్కాచ్ వద్దు, ఒకటి స్వీట్ వెర్మూత్ పట్టుకురా, సోడా, రొయ్యలు మేం చూసుకుంటాం” అని చెప్పండి.