‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ మేలా, ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ మేలా? హైదరాబాద్ ప్రోగ్ పిచ్చోళ్ళ పాత తగువు

హైదరాబాద్‌లో డ్రీమ్ థియేటర్ అనే అమెరికన్ ప్రోగ్రెసివ్ మెటల్ (ముద్దుగా ‘ప్రోగ్’) బ్యాండ్‌ని వినేవాళ్ళు ఇద్దరు కలిస్తే రెండో చాయ్ వచ్చేలోపే ఈ తగువు మొదలవుతుంది. వాళ్ళ ఆల్బమ్‌లలో ఏది గొప్పదంటే, ఒకరు 1992 నాటి ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ అంటారు. ఇంకొకరు 1999లో వచ్చిన ‘మెట్రోపాలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ అంటారు. చేతులెత్తి ఓటేయమంటే మన ఊళ్ళో రెండోదే గెలుస్తుందని నా అంచనా. నా ఓటు మాత్రం మొదటిదానికి. అలాగని రెండోదాన్ని తక్కువ చేసి మాట్లాడను. మాట్లాడితే మా గ్యాంగ్‌లో నాకు చాయ్ పోయించేవాడుండడు.

కొత్తగా వింటున్నవాళ్ళ కోసం కాస్త పూర్వకథ. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ముగ్గురు కుర్రాళ్ళు, గిటార్ జాన్ పెట్రూచి, బేస్ జాన్ మ్యుంగ్, డ్రమ్స్ మైక్ పోర్ట్‌నాయ్, కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. మొదట పేరు మెజెస్టీ. 1989లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. గాయకుణ్ణి మార్చారు, కెనడా నుంచి జేమ్స్ లబ్రీ వచ్చాడు. అతని గొంతుతో వచ్చిన మొదటి ఆల్బమే ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’. ఎనిమిది పాటలు, 57 నిమిషాలు. ఎనిమిది నిమిషాలు దాటిన ‘పుల్ మీ అండర్’ అమెరికాలో రేడియోకీ ఎమ్‌టీవీకీ ఎక్కింది. గ్రంజ్ అనే ముతక రాక్ ఊపేస్తున్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు. తర్వాతెప్పుడూ వాళ్ళకు అంత హిట్ పడలేదు. 2008లో తెచ్చిన సంకలనానికి ‘గ్రేటెస్ట్ హిట్’ అని ఏకవచనంలో పేరు పెట్టుకుని తమమీద తామే జోకేసుకున్నారు.

ఆ పాట చివర్లో ఉన్నట్టుండి తెగిపోతుంది. మాట మధ్యలోనే నిశ్శబ్దం. హాస్టల్ గదుల్లో ఒక హార్డ్ డిస్క్ నుంచి ఇంకో హార్డ్ డిస్క్‌కి పాటలు పాకిన కాలంలో ఫైలు సగమే కాపీ అయిందనుకుని మళ్ళీ మళ్ళీ కాపీ చేసుకున్నవాళ్ళు ఎందరో.

ఆ కాపీల గొడవే ఇంకో అన్యాయం కూడా చేసింది. ‘సీన్స్’ ఆల్బమ్‌లో చాలా పాటలు ఒకదాంట్లోంచి ఇంకొకటి పుట్టుకొస్తాయి, మధ్యలో ఖాళీ ఉండదు. ‘ఓవర్చర్ 1928’ ముగుస్తూనే ‘స్ట్రేంజ్ దేజా వూ’లోకి దూకాలి. మన దగ్గరున్న ఎంపీత్రీల్లో సరిగ్గా ఆ దూకే చోటే ఒక అర సెకను ఖాళీ వచ్చేది. సినిమా మధ్యలో రీలు మారినంత చిరాకు. అయినా ఆ ఆల్బమ్ ఇక్కడ గెలిచిందంటే అందులో ఎంత బలం ఉందో చూడండి.

ఆ బలంలో సగం కథదే. నికొలస్ అనే కుర్రాడికి కలలో ఎవరో అమ్మాయి కనిపిస్తుంటుంది. హిప్నోథెరపిస్టు దగ్గరికి వెళ్తాడు. గతజన్మలో తనే విక్టోరియా అనీ, 1928లో హత్యకు గురయ్యాననీ తెలుసుకుంటాడు. ఆమెను ప్రేమించిన అన్నదమ్ములు ఇద్దరు, జూలియన్, ఎడ్వర్డ్. ఎవరు చంపారన్నదే చిక్కుముడి. రెండు అంకాలు, తొమ్మిది రంగాలు, పన్నెండు ట్రాకులు, 77 నిమిషాలు. గోదావరిలో పడవెక్కగానే గతజన్మ గుర్తొచ్చే జంటను టీవీలో చూస్తూ పెరిగినవాళ్ళం మనం, ఈ కథ మనకు కొత్తగా ఎవరూ నూరిపోయక్కర్లేదు. అమెరికన్ అభిమానులు పాటల పుస్తకం ముందేసుకుని ఆ కథను విడదీస్తుంటే, మనవాళ్ళు ఇంటర్వెల్‌కే విలన్ ఎవరో చెప్పేశారు. (వినని వాళ్ళు ఈ వాక్యం వదిలేయండి: పేపర్లో వచ్చినట్టు జూలియన్ కాదు, విక్టోరియానీ జూలియన్‌నీ ఇద్దర్నీ చంపింది ఎడ్వర్డే, ఆ హిప్నోథెరపిస్టు మళ్ళీ పుట్టిన ఎడ్వర్డే.)

కానీ కథ ఎంత బాగా అతికిందో, మాటలు అంత బరువయ్యాయి కూడా. ‘బియాండ్ దిస్ లైఫ్’లో లబ్రీ దాదాపు నేర వార్త చదివినట్టే పాడతాడు. నిజానికి కథలో అది వార్తే. అయినా పదకొండు నిమిషాల పాటలో సాక్షి ఏం చూశాడో, జేబులో ఏం దొరికిందో వింటుంటే, పాట వింటున్నామా పంచనామా వింటున్నామా అనిపిస్తుంది. ‘ఇమేజెస్’లో ఆ ఇబ్బంది లేదు. పెట్రూచి తన తండ్రి జబ్బు గురించి రాసిన ‘అనదర్ డే’కి నేపథ్యం తెలియకపోయినా నష్టం లేదు. కీబోర్డు వాయించిన కెవిన్ మూర్ రాసిన ‘వెయిట్ ఫర్ స్లీప్’ రెండున్నర నిమిషాలే, పియానో, గొంతు, అంతే. ఆల్బమ్ పేరు అందులోని మాటే. ఆ చిన్న పియానో వరుస తర్వాతి పాట ‘లర్నింగ్ టు లివ్’ నడిమధ్యలో మళ్ళీ తొంగిచూస్తుంది. ఎవరూ పనిగట్టుకుని చూపించరు, మనకే తగులుతుంది. ‘సీన్స్’లో ఇలాంటి పలకరింపులు పదుల సంఖ్యలో ఉన్నాయి, ఒప్పుకుంటాను. అక్కడ ప్రతిదానికీ కథలో ఉద్యోగం ఉంది. ఇక్కడ దానికి ఏ పనీ లేదు, ఊరికే బాగుంది. నాకు రెండోరకమే ఇష్టం.

ఇక అసలు గొడవ, తాళం. మన దగ్గర ఈ బ్యాండ్‌కి పడిపోయినవాళ్ళలో చాలామంది చిన్నప్పుడు ఎక్కడో ఒకచోట మృదంగమో వయొలినో నేర్చుకుని మధ్యలో మానేసినవాళ్ళే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అమ్మ పక్కన కూర్చుని తొడమీద తాళం వేసిన చెయ్యి, ఇరవయ్యేళ్ళకి డిస్టార్షన్ గిటార్‌కి కూడా అలాగే వేస్తుంది. ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ వచ్చేది వాళ్ళ కోసమే. ఆరు నిమిషాల చిల్లర వాద్యసంగీతం, అందులో తాళం వందసార్లకు పైగా మారుతుంది. మధ్యలో కీబోర్డు వాయించే జోర్డన్ రూడెస్ పాతకాలపు రాగ్‌టైమ్ పియానో ఒకటి పేల్చి, మనం నవ్వేలోపే మళ్ళీ మాయం. దీనిమీద మా ఇద్దరు డ్రమ్మర్ల మధ్య ఎప్పుడూ ఒకటే సంభాషణ:

“మామా, గిది తాళమేనా అసలు? లెక్కపెట్టేలోపు మారిపోతుంది.”

“గట్ల లెక్కపెట్టకు భై. అయిదా, ఏడా అని చూడకు. రిఫ్ నోటితో అను, చెయ్యి దాని ఎనకే పోతది.”

రిఫ్ అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరుస. రెండోవాడి సలహా బంగారం. వాయించాలనుకునేవాళ్ళకి ఇంతకుమించిన దారి లేదు. కానీ నా పేచీ వేరు. మన కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) జరుగుతుంటే మృదంగం తిశ్రంలోకి (మూళ్ళ నడక) వెళ్ళినా, ఖండంలోకి (అయిదుల నడక) వెళ్ళినా, అడుగున తాళం కదలదు. ముగింపుకి అల్లే లెక్క, కోర్వై, ఎంత తిరిగినా చివరికి సరిగ్గా అనుకున్న చోట వచ్చి పడాలి. పడ్డప్పుడు సభంతా ‘శభాష్’ అంటుంది, ఎందుకంటే అందరూ లోలోపల అదే తాళం వేస్తున్నారు. ‘డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’లో ఆ కింది నేల లేదు. నేలే మారుతూ పోతుంది. అబ్బురమే, కానీ వచ్చి పడే చోటు మనకు ముందు తెలియదు కాబట్టి పడ్డ సంబరమూ తక్కువే.

‘ఇమేజెస్’లోని ‘మెట్రోపాలిస్ పార్ట్ 1’ తీసుకోండి. తొమ్మిదిన్నర నిమిషాలు. నడిమధ్యలో నలుగురూ కలిసి చేసే గారడీ అంతా ఉంది, లెక్కలున్నాయి, పరుగులున్నాయి. కానీ పాట ఒకటి ఇంట్లో దీపం పెట్టి మన కోసం ఎదురుచూస్తోందని మనకు తెలుసు. లబ్రీ గొంతు తిరిగొచ్చినప్పుడు ఒళ్ళు ఝల్లుమనేది అందుకే. సరదా ఏమిటంటే, ఆ ‘పార్ట్ 1’ అన్నది మొదట్లో తమాషాకి తగిలించుకున్న తోక. రెండో భాగం తీసే ఉద్దేశమే లేదు. అభిమానులు నిజమే అనుకుని అడగడం మొదలుపెట్టారు, వదిలిపెట్టలేదు. ఏడేళ్ళకి ఆ తోకకు పూర్తి ఆల్బమే మొలిచింది. ‘హోమ్’లో మోగే రిఫ్‌లూ, ‘డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ అన్న పేరూ అన్నీ ఆ పాత పాటలోంచి తెచ్చుకున్నవే. ‘సీన్స్’ను ఒక్కదాన్నే వింటే అందులో సగం చమత్కారం జారిపోతుంది. అప్పు తెచ్చినవాడు ఎంత గొప్పగా ఖర్చుపెట్టినా, ఇచ్చినవాణ్ణి తలుచుకోవాలి కదా.

అవతలివాళ్ళ చేతిలో ఒక బ్రహ్మాస్త్రం ఉంది, దాన్ని దాచను. ‘ఇమేజెస్’లో స్నేర్ డ్రమ్, అంటే డ్రమ్స్‌లో టపటపమనే ఆ ముఖ్యమైన డ్రమ్. నిర్మాత డేవిడ్ ప్రేటర్ డ్రమ్ములకు ట్రిగ్గర్లు (దెబ్బను పసిగట్టే పరికరాలు) పెట్టించి, ప్రతి దెబ్బకీ ముందే రికార్డు చేసిన ఒకే శాంపిల్ మోగేలా చేశాడు. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా స్టీలు డబ్బా మూతమీద గరిటె పడ్డట్టు ‘టప్’ అని ఒకే చప్పుడు. ఆ సౌండ్ తనకు నచ్చలేదని పోర్ట్‌నాయ్ బాహాటంగానే చెప్పుకున్నాడు. ‘సీన్స్’ను పోర్ట్‌నాయ్, పెట్రూచి స్వయంగా నిర్మించారు. 1997 నాటి ‘ఫాలింగ్ ఇంటు ఇన్ఫినిటీ’ విషయంలో కంపెనీ జోక్యంతో విసిగిపోయాక పట్టుబట్టి తెచ్చుకున్న స్వేచ్ఛ అది. డ్రమ్స్ అందులో గాలి పీలుస్తాయి. బేస్ వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నవాడు ‘సీన్స్’ వైపే మొగ్గుతాడు, వాణ్ణి తప్పుపట్టలేం.

కీబోర్డుల దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గను. తొమ్మిదేళ్ళకే జూలియార్డ్‌లో అడుగుపెట్టిన రూడెస్‌కి ‘సీన్స్’ ఈ బ్యాండ్‌తో మొదటి ఆల్బమ్. వేళ్ళకు ఎదురు లేదు. పెట్రూచి ఎంత వేగంగా వెళ్తే అంత వేగంగానూ వెంటపడతాడు, ఒక్కోసారి ఇద్దరూ పందెంలో పడి పాటను మర్చిపోతారు. మూర్‌ది వేరే స్వభావం. ‘సరౌండెడ్’ మొదటి నిమిషం వినండి: వాయించే దానికన్నా వదిలేసేదే ఎక్కువ. 1994లో ‘అవేక్’ పూర్తిచేసి వెళ్ళిపోయాడు. ఆ చోటు వేగంతో నిండింది గాని, ఆ గుణంతో నిండలేదని నా అభిప్రాయం.

‘అవేక్’ మాటొచ్చింది గనక: మూడో పక్షం వాళ్ళు అదే గొప్పదంటారు. ఏడు తీగల గిటార్ బరువు, చీకటి, అన్నీ నిజమే. ఈ తగువులో వాళ్ళు ఎప్పుడూ మూడో స్థానమే.

ఇంట్లో పెట్టుకోగలమా అన్నది కూడా ఒక కొలమానం. పెద్దవాళ్ళు హాల్లో ఉండగా ఏది పెట్టినా ‘ఆ రొద ఆపరా’ అన్న కేక రానిది రెండే రెండు. ఒకటి ‘అనదర్ డే’, అందులో జే బెకెన్‌స్టీన్ సోప్రానో సాక్సఫోన్ ఉంది. రెండు ఆల్బమ్‌లూ రికార్డయిన బేర్‌ట్రాక్స్ స్టూడియో ఆయనదే. రెండోది ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’. చావు తర్వాత ఏమిటన్న పాట, వెనకాల గాస్పెల్ కోరస్, ఆ పైన పెట్రూచి సోలో. ఈ విషయంలోనూ ‘సీన్స్’ గెలిచింది. ఇంగ్లిష్ పాట అంటే మొహం తిప్పుకునే మా బాబాయ్ కూడా దీన్ని చివరిదాకా విని, “భజనలాగే ఉందిరా” అన్నాడు. ఆయన దగ్గర్నుంచి అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

ఎప్పుడు, ఎక్కడ వినాలి? మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వెళ్ళేవాళ్ళకి ‘ఇమేజెస్’ కొలిచి కుట్టినట్టుంటుంది, దిగేసరికి దాదాపు అయిపోతుంది. మధ్యలో అమీర్‌పేటలో దిగిపోయినా రెండు మూడు పాటలు పూర్తిగా విన్నట్టే. ‘సీన్స్’ మధ్యలో దిగితే హత్య జరగకుండానే దిగినట్టు. దానికి వాన పడిన సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్ కావాలి, అక్కడ 77 నిమిషాలు ఒక లెక్కా? మరీ తీరిక ఉంటే ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. చుట్టూ 158 కిలోమీటర్లు. డెబ్భై దాటకుండా నడిపితే ఒక రౌండుకి రెండు ఆల్బమ్‌లూ వరసగా అయిపోతాయి. ‘ఇమేజెస్’ ముందు, ‘సీన్స్’ తర్వాత. ఆ వరస తిరగేయొద్దు.

2017లో బ్యాండ్ ముంబై వచ్చింది, అదీ ‘ఇమేజెస్’కు పాతికేళ్ళు నిండిన సందర్భంగా చేసిన పర్యటనలో. ఆ కచేరీ కోసం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళని ఇక ఈ తగువులో ఏ పక్షమో అడగనక్కర్లేదు. పోర్ట్‌నాయ్ అప్పటికి బ్యాండ్‌లో లేడు, డ్రమ్స్ మైక్ మాంజినీవి. 2023లో పోర్ట్‌నాయ్ తిరిగొచ్చాడని తెలిసిన రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగిన హంగామా వేరే కథ.

కాబట్టి కొత్తవాళ్ళు అడిగితే నేను ‘ఇమేజెస్’ చేతిలో పెడతాను. ఆ స్నేర్ చప్పుడు మరీ చెవిలో గుచ్చుకుంటే మందుంది: 1993లో లండన్ మార్కీ క్లబ్‌లో రికార్డు చేసిన ‘లైవ్ ఎట్ ది మార్కీ’. ‘మెట్రోపాలిస్’, ‘సరౌండెడ్’, ‘పుల్ మీ అండర్’ మూడూ ఉన్నాయి, డ్రమ్ములు డ్రమ్ముల్లా మోగుతాయి. మధ్యలో అప్పటికప్పుడు అల్లినట్టుండే వాద్యసంగీతం ఒకటి వస్తుంది, పేరు ‘బాంబే విందాలూ’. విందాలూ బొంబాయిది కాదు గోవాదని వాళ్ళకెవరు చెప్తారు? ఇంకా నయం, బిర్యానీ జోలికి రాలేదు.