డబ్బా మీద ‘ఎంపీపీటీ’ అని ఉంటే నమ్మేయకండి

ఆర్‌వీ (లోపలే ఉండేలా కట్టిన బండి) మీద సోలార్ పెట్టుకోబోయేవాళ్లు కంట్రోలర్ దగ్గర కాస్త ఆగండి. ప్యానెళ్ల కరెంటుని బ్యాటరీకి ఎక్కించే డబ్బా అది, ప్యానెళ్ల నుంచి పూర్తి పవర్ లాగే రకాన్ని ఎంపీపీటీ అంటారు. 35 డాలర్లకే 30 ఆంపుల ఎంపీపీటీ అంటే కక్కుర్తిపడి కొన్నాను. చిన్న బిస్కెట్ ప్యాకెట్ అంత తేలిగ్గా ఉన్నప్పుడే అనుమానం రావాల్సింది.

మేం ఉండేది టెక్సాస్‌లో. ట్రైలర్ మీద 100 వాట్ల ప్యానెళ్లు రెండు, సిరీస్‌లో, అంటే రెండింటి వోల్టులూ కూడేలా. లోపల 12 వోల్టుల లిథియం బ్యాటరీ. స్ప్రింగ్ బ్రేక్‌కి పశ్చిమ టెక్సాస్ ఎడారిలోని బిగ్ బెండ్ పార్కుకి వెళ్లాం, కరెంటు కనెక్షన్ లేని చోట దిగాం. రెండో రాత్రికే ఫ్రిజ్ ఆగిపోయింది. పొద్దున చూస్తే దోసెల పిండి పొంగి, మూత తోసుకుని ఫ్రిజ్ అంతా పాకేసింది.

మిట్టమధ్యాహ్నం తీగ చుట్టూ తగిలించి ఆంపులు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూశాను. ప్యానెళ్ల వైపు 5.4 ఆంపులు, బ్యాటరీ వైపూ అంతే! ప్యానెళ్ల దగ్గర 36 వోల్టులు ఉండాల్సింది 13 దాటలేదు. నిజమైన ఎంపీపీటీ అయితే ఆ 36 వోల్టుల్ని తగ్గించి, ఆంపుల్ని 13, 14 దాకా పెంచి బ్యాటరీకి ఇస్తుంది. ఇది ఉత్త పీడబ్ల్యూఎం, చవకరకం కంట్రోలర్. స్విచ్చిలాగా ప్యానెల్‌ని తీసుకెళ్లి బ్యాటరీకి కలిపేస్తుంది, అంతే. 200 వాట్లు పెట్టుకుని 70 వాట్లు తింటున్నామన్నమాట.

ఇంటికొచ్చాక నాలుగు స్క్రూలు విప్పాను. రాగి తీగ చుట్టిన కాయిల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ కాయిల్ లేకుండా వోల్టేజీ మార్చడం కుదరదు.

అమ్మినవాళ్లని అడిగితే ‘ఎండ సరిపోలేదేమో’ అన్నారు. పశ్చిమ టెక్సాస్ ఎడారిలో! 30 రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయింది.

పీడబ్ల్యూఎం చెడ్డదని కాదు. బిగ్ బెండ్‌లోనే ప్యానెళ్లని పారలల్‌గా, అంటే ఆంపులు కూడేలా, మార్చి కలిపితే 10 ఆంపుల పైనే వచ్చాయి, మిగతా ట్రిప్ గడిచింది. పీడబ్ల్యూఎం అని చెప్పి అమ్మితే 15 డాలర్లకి కొనుక్కునేవాణ్ణి కదా.

ఇప్పటికే కొన్నవాళ్లు గడువు దాటకముందే రెండు వైపులా ఆంపులు కొలిచి చూడండి. ప్యానెళ్లు సిరీస్‌లో ఉన్నప్పుడే చూడాలి. బ్యాటరీ నిండుగా ఉంటే మాత్రం తేడా తెలియదు, ముందు రాత్రి ఫ్యానో ఫ్రిజ్జో నడిపి కాస్త ఖాళీ చేయండి.