ఎడం చేత్తో ముద్ద: ఒక టేబుల్ మేనర్స్ క్లాసు కథ

ఫార్మా ఉద్యోగం నాది. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో రెండు వారాల పని పడింది. అక్కడ డిన్నర్‌కి పిలిస్తే పరువు పోతుందని మా ఆవిడ పోరితే, వెళ్లేముందు హైదరాబాద్‌లో ఒక టేబుల్ మేనర్స్ క్లాసులో చేరాను. రెండున్నర గంటలు, భోజనంతో కలిపి 1,800 రూపాయలు.

మొదటి అరగంట దండగ. నాప్కిన్ మడతల మీద స్లైడ్లు! ప్లేట్లు వచ్చాకే అసలు పాఠం. ఫోర్క్ ఎడం చేతిలో, పళ్లు కిందికి. కత్తి కుడి చేతిలో, చూపుడువేలు దాని వీపు మీద. నేను చికెన్ మొత్తం ముందే ముక్కలు చేసేసుకుంటే మేడమ్ నవ్వింది: "ఎవరికి సార్, పాపకి తినిపించడానికా?" ఒక ముక్క కోసి, అది తిన్నాకే ఇంకోటి కోయాలట.

కోయడం పది నిమిషాల్లో వచ్చేసింది. ఎడం చెయ్యి నోటిదాకా రావడమే గండం. చిన్నప్పుడు ఎడం చేత్తో జంతిక అందుకుంటేనే మా నాయనమ్మ వేళ్ల మీద ఒక్కటిచ్చేది. చికెన్ ఫోర్క్‌కి గుచ్చుకునే ఉంది, చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమెరికాలో అయితే కోశాక కత్తి ప్లేటు అంచున పెట్టి, ఫోర్క్ కుడి చేతికి మార్చుకుంటారట. "మీరు వెళ్లేది యూరప్ కదా" అని మేడమ్ ఉడికించిన క్యారెట్‌తో నాచేత ఇరవైసార్లు ఎడం చేత్తోనే తినిపించింది. నా డబ్బు గిట్టింది అక్కడే.

ఇంకో సంగతి. మధ్యలో ఆగితే కత్తీ ఫోర్కూ ఇంటికప్పులా వాల్చి పెట్టాలి, పక్కపక్కన పెడితే తినడం అయిపోయినట్టు. అది చెప్పేలోపే నేను పక్కపక్కన పెట్టి మంచినీళ్లు తాగుతున్నాను. సర్వర్ సగం చికెన్ ఉన్న ప్లేటు ఎత్తుకుపోయాడు! మనం విస్తరి మడిచినట్టే అన్నమాట. నిజానికి పోయినందుకు పెద్ద బాధ లేదు: చికెన్ చల్లారి పీచులా ఉంది, కత్తులకి పదునూ లేదు. కోత నేర్పే చోట మొండి కత్తులేంటో.

తీరా బాజెల్‌లో మొదటి రాత్రి ఫాండ్యూ పెట్టారు. పొడుగాటి ఫోర్క్‌కి బ్రెడ్ ముక్క గుచ్చి, కరిగిన చీజ్‌లో ముంచుకోవడమే. కత్తితో పనే లేదు. మూడో రోజు ష్నిట్జెల్ వచ్చింది, అంటే పల్చగా సాగగొట్టి వేయించిన మాంసం ముక్క. కోసి తింటుంటే ఎడం చెయ్యి ఎక్కడా ఆగలేదు.

నాలుగు స్టార్లు. ఐదోది ఆ సర్వర్ ఎత్తుకుపోయాడు.